ముహూర్తం మొదటి కాన్పుకి, బాకీ మూడో కాన్పుకి

పోయిన నెల మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, వాళ్లమ్మాయికి సీమంతం చేసింది. గాజులు తొడగడం, హారతులివ్వడం అయిపోయింది. భోజనాల దగ్గర నలుగురు పెద్దవాళ్లు చేరి పంచాంగం తీశారు. "పద్నాలుగో తారీకు పొద్దున తొమ్మిదీ నలభైకి బ్రహ్మాండమైన లగ్నం ఉందట, డాక్టరమ్మ కూడా సరేనంది" అని మా అక్క మురిసిపోతూ చెప్పింది. నేను వేళ్ల మీద లెక్కేశాను. ఆ తారీకుకి పిల్లకి 38 వారాలు కూడా నిండవు. బిడ్డ తల కిందికే ఉంది, బీపీ లేదు, షుగర్ లేదు. "మరి ఆపరేషనెందుకే?" అన్నాను. ఎవరూ జవాబు చెప్పలేదు. ఒకావిడ మాత్రం "ఈ రోజుల్లో నొప్పులు పడేదెవరమ్మా" అని నవ్వింది.

శుభకార్యంలో రభస ఎందుకని ఒకే ఒక్క మాటని ఊరుకున్నాను. "ముహూర్తం మొదటి పిల్లకి పెడుతున్నావు గానీ, బాకీ రెండో కాన్పులోనో మూడో కాన్పులోనో కట్టాలి" అన్నాను. దానికే అక్క ముఖం మాడ్చుకుంది. ఆ రోజు మింగేసిన మిగతా మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఒకరి మీద రాళ్లేసే ముందు అది చెప్పుకోకపోతే నాకే బాగుండదు.

మా మరిది భార్య, నా తోటికోడలు, మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మా ఇంట్లో ముహూర్తం చూసింది నేనే. 12 ఏళ్ల కిందటి మాట. బీఏ తెలుగు చదివిన పెద్దకోడల్ని కదా, వర్జ్యాలు, దుర్ముహూర్తాలు తీసేసి మూడు తారీకులు తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. మా అత్తయ్యగారు ఆ కాగితానికి పసుపు రాసి ఆసుపత్రికి పట్టుకెళ్లారు. తనకి నొప్పులు రాలేదు, రావడానికి మేం టైమివ్వలేదు. పాపకి ఊపిరి సరిగ్గా అందక రెండు రోజులు గాజు పెట్టెలో పెట్టారు. "జాతకం బ్రహ్మాండంగా ఉంది" అని మేమంతా సర్దిచెప్పుకున్నాం.

నాలుగేళ్లకి రెండో కాన్పు. మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అన్నారు. వేరే దారి ఉందేమోనని అడగాలని కూడా మాకు తట్టలేదు. మళ్లీ ఆడపిల్లే. ఆ తర్వాత ఒకటి మూడో నెలలో పోతే గర్భసంచి శుభ్రం చేయించారు. ఇక చాల్లే అని తను అంటూనే ఉంది. "ఒక్క మగపిల్లాడు" అని ఇంట్లోవాళ్లు అంటూనే ఉన్నారు. 36వ ఏట మళ్లీ కడుపు.

ఐదో నెలలో టిఫా స్కాన్ చేశారు. రిపోర్టులో మాయ కిందికి, ముందువైపు ఉందని ఇంగ్లీషులో ఒక లైను ఉంది. అక్కడివాళ్లు "మాయ కాస్త కిందుంది, బరువులెత్తకండి" అన్నారు. అంతే. రెండు కోతలున్న కడుపులో మాయ సరిగ్గా ఆ కోతల మీదే కూర్చుందంటే దాని అర్థమేమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు. మేమూ అడగలేదు. రిపోర్టు బీరువాలో చీరల కింద పెట్టేశాం.

ఏడో నెల దాటుతుండగా ఒక రాత్రి నిద్రలో తడిగా అనిపించి లైటేసుకుందట. నొప్పి లేదు, కడుపు పట్టేయలేదు, ఊరికే ఎర్రటి రక్తం. "అక్కా, ఒకసారి రా" అని పిలిచింది, గొంతులో కంగారు కూడా లేదు. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఖమ్మం నుంచి హైదరాబాదు దాకా అంబులెన్సులో నాలుగు గంటలు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అక్కడ పెద్ద డాక్టరమ్మ ఒక్కో ప్రశ్న అడుగుతూ రాసుకున్నారు. ఎన్ని ఆపరేషన్లు? మధ్యలో ఎప్పుడైనా శుభ్రం చేయించారా? ఇంకేమైనా గర్భసంచి ఆపరేషన్లు? చివరికి, "మొదటి సిజేరియన్ ఎందుకు చేశారు?" మా మరిది నా వైపు చూశాడు. "ముహూర్తానికండీ" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం పెన్ను ఆపారు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

సరే, అసలేం జరుగుతుందో నాకు ఆవిడ చెప్పినట్టు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నట్టు చెబుతాను. పుస్తకాల్లో జరాయువు అంటారు, మన ఇళ్లలో మాయ అంటాం, కొన్నిచోట్ల మావి అంటారు. బిడ్డకి తిండీ గాలీ అందించేది అదే. అది గర్భసంచి లోపలి పొరకి అంటుకుని ఉంటుంది. బిడ్డ బయటపడ్డాక ఆ పొర దగ్గర ఊడి తనంతట తనే వచ్చేస్తుంది.

దోసెల పెనం గుర్తు తెచ్చుకోండి. నూనె పట్టి నున్నగా ఉన్న పెనం మీద దోసె అట్లకాడ తగలగానే లేచి వస్తుంది. ఎవరో తెలివైనవాళ్లు స్టీలు పీచుతో ఒకచోట బరబరా తోమేశారనుకోండి, సరిగ్గా అక్కడే దోసె పట్టుకుంటుంది. లాగితే చిరుగుతుంది. గర్భసంచి మీద కోత మానినచోట ఆ లోపలి పొర సరిగ్గా ఉండదు. మాయ అక్కడ కూర్చుంటే దాని వేళ్లు నేరుగా కండకే అతుక్కుంటాయి, ఇంకా లోపలికి దిగుతాయి, ఒక్కోసారి గర్భసంచి దాటి మూత్రాశయం దాకా పోతాయి. డాక్టర్లు లోతుని బట్టి అక్రీటా, ఇంక్రీటా, పెర్‌క్రీటా అంటారు. బిడ్డ పుట్టాక ఆ మాయని లాగితే ఊడదు, రక్తం ఆగదు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకి పైగా రక్తం పారుతూ ఉంటుంది. మన ఒంట్లో మొత్తం ఉండేది ఓ ఐదు లీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

2006లో అమెరికాలో ముప్పై వేల పైచిలుకు సిజేరియన్లని పరిశీలించి ఒక లెక్క ప్రచురించారు. మాయ గర్భసంచి నోటి మీదికి వచ్చినవాళ్లలో అది ఇలా అతుక్కుపోయింది ఎంతమందికో చూశారు. మొదటి సిజేరియన్‌కి వచ్చినవాళ్లలో నూటికి ముగ్గురికి. రెండోదానికి వచ్చినవాళ్లలో 11 మందికి. మూడోదానికి 40 మందికి. నాలుగోదానికి 61 మందికి. మాయ పైనే ఉంటే మటుకు నాలుగైదు సిజేరియన్లదాకా కూడా ఇది నూటికి ఒక్కరికన్నా తక్కువే, అనవసరంగా ఎవరినీ భయపెట్టను. కానీ మాయ కిందికి రావడం కూడా కోతలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అంటే కోత రెండు పనులు చేస్తుందన్నమాట, మాయని కిందికి తెస్తుంది, వచ్చినదాన్ని పట్టేసుకుంటుంది.

ఇప్పుడు మన ఇంటి లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రలో 42.4. మా తెలంగాణలో 60.7, దేశంలో అందరికన్నా పైన. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే 81.5. ఐదుగురు పురిటికి వెళితే నలుగురు కోతతో వస్తున్నారు! జనం మొత్తం మీద చూస్తే సిజేరియన్లు నూటికి పది దాటాక ఇంకెన్ని పెంచినా తల్లుల చావులూ పసిపిల్లల చావులూ దాంతో తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తెలంగాణ ఆడవాళ్ల కటి ఎముకలు బీహారు ఆడవాళ్లకన్నా ఇరుకా? అదే సర్వేలో బీహారు పదిలోపే ఉంది. అక్కడ అవసరమైనవాళ్లకి కూడా అందడం లేదన్నది వేరే ఘోరం, దాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. ఇక్కడ అక్కర్లేనివాళ్లకి కూడా అందుతోందన్నదే నా గొడవ.

ఇంతమంది మొదటి కోతతో ఇళ్లకి చేరుతుంటే రెండో, మూడో కాన్పుల్లో ఈ మాయరోగం పెరగక ఏం చేస్తుంది?

కోత ఒక్కటే కాదు. గర్భసంచిని గీకి శుభ్రం చేయించుకోవడం, గడ్డలు తీయించుకోవడం, పోయిన కాన్పులో మాయని చేత్తో తీయాల్సి రావడం, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో గర్భం, 35 దాటిన వయసు, ఎక్కువ కాన్పులు, ఇదివరకు ఒకసారి మాయ కిందికి ఉండటం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మా తోటికోడలికి వీటిలో ఎన్ని ఉన్నాయో పైన చెప్పాను. ఆ రాత్రి మా ఇంటికి వచ్చిన పలకరింపుల్లో వీటిలో ఒక్కటీ లేదు. "గ్రహణం నాడు కూరగాయలు తరిగింది." "బొప్పాయి తిన్నదేమో." "మేడమెట్లు ఎక్కీ దిగీ..." రక్తం పోయి మంచం పట్టిన మనిషి మీదికే నేరం! ముహూర్తం రాసిన నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మూడోది కావాలన్నవాళ్లని అనలేదు.

ఆ మూడోదాని సంగతి ఇంకొంచెం మాట్లాడాలి. మన దగ్గర రెండు ఆపరేషన్లయిన ఆడదాన్ని మూడోసారి కడుపు తెచ్చుకోమనేది ఎప్పుడు? ఇద్దరూ ఆడపిల్లలైనప్పుడు. ఇద్దరు మగపిల్లలున్నవాళ్లని ఆడపిల్ల కోసం మూడోది కనమని గుడికెళ్లి మొక్కుకున్న అత్తగార్ని నేనింతవరకు చూడలేదు. ఇంకొందరి ఇళ్లలో మధ్యలో చాటుగా తీయించేసినవి ఉంటాయి, ఎందుకు తీయించారో మనందరికీ తెలుసు. 1994లో చట్టం వచ్చింది, స్కానింగు గదుల్లో బోర్డులూ వేలాడుతున్నాయి. ఆ తీయించినవి రిపోర్టులో ఉండవు. కొత్త డాక్టరు అడిగితే అత్తగారు పక్కనే కూర్చుని "ఏం లేవండీ" అంటుంది. ఆ అబద్ధం గర్భసంచికి తెలియదు కదా.

నాకు డాక్టర్ల మీదా కోపం ఉంది, కానీ మీరనుకున్నంత కాదు. చిన్న ఊళ్లో నర్సింగ్‌హోమ్ నడిపే ఒక్క డాక్టరు మొదటి కాన్పు నొప్పుల దగ్గర పద్దెనిమిది గంటలు కూర్చోలేదు. మత్తు డాక్టరు ఫోన్ చేస్తే వచ్చే మనిషి, అర్ధరాత్రి దొరుకుతాడో లేదో. ఏదైనా అటూ ఇటూ అయితే అద్దాలు పగలగొట్టడానికి మన బంధువులు రెడీగా ఉంటారు. అయినా సరే, అరగంటలో అయిపోయే పనికి ఎక్కువ డబ్బు వస్తుంటే ఆ లెక్క మనసులోకి రాదని నన్ను నమ్మమనకండి. తారీకు మనం తీసుకెళ్లినా, "ఇంకా వారాలు నిండలేదమ్మా, బిడ్డ ఊపిరికి మంచిది కాదు" అని చెప్పాల్సింది వాళ్లే. 39 వారాలకి ముందు కారణం లేకుండా తీయకూడదని వాళ్ల చదువే చెబుతోంది.

ఆపరేషన్ కావాలని తనే అడిగే పిల్లని మాత్రం నేను ఒక్క మాట అనను. లేబర్ రూముల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అనే ఆయమ్మలు, తొడ మీద చరుపులు, పక్కన మనిషిని ఉండనివ్వకపోవడం, నొప్పి తెలియకుండా నడుముకి ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుందని కూడా చెప్పకపోవడం. అలాంటి గది నుంచి తప్పించుకోవాలని ఎవరికుండదు? ఆ గదిని బాగుచేయడం మానేసి ఆపరేషన్ టేబుల్ చూపించడం సులువైపోయింది అందరికీ.

అలాగే "మా కాలంలో పదిమందిని ఇంట్లోనే కన్నాం" అనే వాట్సాప్ పెద్దమ్మలకి కూడా నేను దూరం. మీరు కన్నారు, బతికారు, కాబట్టి చెబుతున్నారు. మాయ అడ్డం పడినవాళ్లు చెప్పడానికి లేరు. మా నాయనమ్మ అక్క అలాగే పోయిందట, ఇంట్లో ఆమె ఫొటో కూడా లేదు. మాయ నోటికి అడ్డంగా ఉంటే సిజేరియనే ప్రాణం పోస్తుంది. నా తోటికోడల్ని బతికించిందీ ఆపరేషనే. నేను తిడుతున్నది కత్తిని కాదు, కారణం లేకుండా మొదటిసారి కత్తి చేతికిచ్చిన మా కాగితాన్ని.

ఇక తన సంగతి. హైదరాబాదులో నెల రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉంచారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లిచ్చారు, ఎమ్మారై తీశారు, మాయ అతుక్కుందని తేల్చారు. మా మరిది స్నేహితులు వరసపెట్టి వచ్చి రక్తమిచ్చారు. 34 వారాలు నిండగానే, పగటిపూట, గర్భసంచి డాక్టర్లూ మూత్రాశయం డాక్టరూ మత్తు డాక్టర్లూ పిల్లల డాక్టరూ అందరూ ఉండగా ఆపరేషన్ చేశారు. మాయని కదిలించకుండా బిడ్డని తీసి, గర్భసంచితో సహా మాయని తీసేశారు. తొమ్మిది సీసాల రక్తం ఎక్కించారు. ముందే తెలిసి, ఏర్పాటు చేసుకుని చేశారు కాబట్టి తొమ్మిదితో పోయిందన్నారు. అదే ఆ రాత్రి మా ఊళ్లో ఎవరో తెలియక కోసి, మాయని పట్టి లాగి ఉంటే?

పుట్టింది ఎవరని అడుగుతారు మీరు. అందుకే చెప్పను. ముగ్గురు పిల్లలూ బడికి వెళుతున్నారు, చాలు.

ముప్పై ఆరేళ్లకే గర్భసంచి పోయినందుకు తను ఏడవలేదు. ఇంటికొచ్చిన నాలుగు నెలలకి ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ, "అక్కా, పెద్దదాని టైములో నాకు నొప్పులు వచ్చేవేమో కదా, ఇంకో వారం ఆగితే" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఊరికే అంది. నా దగ్గర జవాబు లేదు. కత్తిపీట నా వైపు లాక్కుని మిగతావి నేను తరిగాను.

అందుకే ఇప్పుడు ఎవరింట్లో సీమంతమైనా నోరు పారేసుకుంటున్నాను. మొదటిసారి ఆపరేషన్ అంటే "ఎందుకు?" అని అడగండమ్మా. బిడ్డ అడ్డం తిరిగింది, గుండె చప్పుడు తగ్గుతోంది, బీపీ పెరిగింది అంటే మారు మాట్లాడకండి, సంతకం పెట్టండి. "ముహూర్తం", "ఎందుకొచ్చిన రిస్కు" అంటే మాత్రం "ఇంకో పిల్లని కనాలనుకుంటున్నాను, అప్పుడేమవుతుంది?" అని అడగండి. ఇప్పటికే ఒక కోత ఉంటే, రెండోసారి మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చా అని అడగండి. తగినవాళ్లు, అప్పటికప్పుడు ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలో ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి అవుతుంది. అందరికీ కుదరదు, పాత కుట్టు విడిపోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అది డాక్టరే చూసి చెప్పాలి. అడగడానికి మాత్రం డబ్బులు కట్టక్కర్లేదు.

కోత ఉన్నవాళ్లు ఐదో నెల స్కానింగులో "మాయ ఎక్కడుంది, పాత కుట్టు మీద ఉందా?" అని నోరు తెరిచి అడగాలి. కిందికి ఉందన్నంత మాత్రాన బెంబేలు పడక్కర్లేదు, చాలామందికి కడుపు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. 32 వారాలప్పుడు మళ్లీ చూపించుకోవాలి. కోత మీదే ఉందంటే అప్పటిదాకా కూడా ఆగకుండా, రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి. నొప్పి లేకుండా రక్తం కనిపిస్తే "నొప్పి లేదుగా" అని తెల్లారేదాకా చూడకండి. నొప్పితో, కడుపు రాయిలా గట్టిపడి కనిపిస్తే అది మాయ ముందే ఊడిపోవడం కావచ్చు, అదింకా తొందర. ఏ ఆసుపత్రికి వెళ్లినా మాయ కిందుందని ముందే చెప్పాలి, స్కాన్ చూడకుండా లోపల చెయ్యిపెట్టి పరీక్ష చేయకూడదు. పాత డిశ్చార్జి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో, చీరల కింద కాకుండా చేతికందే చోట పెట్టుకోండి. తీయించుకున్నవి ఉంటే అత్తగార్ని బయటికి పంపించి మరీ డాక్టరుకి చెప్పండి.

మా అక్క ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాళ్లమ్మాయి మాత్రం మొన్న రాత్రి ఫోన్ చేసింది. "పిన్నీ, ఆ పద్నాలుగో తారీకు వద్దని డాక్టరుకి చెప్పేశాను. ఆవిడ సరే చూద్దాం అన్నారు. నా స్కాన్‌లో ప్లాసెంటా ఫండల్, పోస్టీరియర్ అని ఉంది, అంటే ఏంటి?"

"పైన, వెనకవైపు. మంచిదే" అన్నాను. "ఆ కాగితం ఎక్కడ పెట్టావు?"

"ఫ్రిజ్ మీద."

"తడవకుండా కవర్లో పెట్టు" అన్నాను.